బిస్కెట్ చదువు

ఆ బడిలో ఎనిమిదో గది ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసే కొట్టు. ఉన్నది ఒకటే కిటికీ, అదీ మరుగుదొడ్ల వైపు. దానికి సున్నం వేసి, తలుపు మీద ‘ప్రత్యేక తరగతి’ అని బోర్డు తగిలించి, ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, టీచరు చేతిలో తాళం పెట్టి ఏడేళ్ళయింది. మిగతా టీచర్లు ఆ గది దాటేటప్పుడు గొంతు తగ్గించేవారు, ఎవరికో బాగాలేని ఇంటి ముందు నుంచి వెళ్తున్నట్టు. ఆయమ్మ మాత్రం “బళ్ళో కాస్త నవ్వు వినపడే గది ఇదొక్కటే” అనేది.

నవ్వు మాట నిజమే. ఆరుగురిలో ఒక పిల్లవాడు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. జ్వరమొచ్చినా నవ్వే, మోకాలు చీరుకున్నా నవ్వే. వాడి నవ్వుల్లో ఏది ఏడుపో పోల్చుకోవడానికి టీచరుకు రెండేళ్ళు పట్టింది. ఇంకో పిల్ల, మొహంలోకి చూసి పలకరిస్తే బల్ల కిందకి దూరుతుంది. దానికి పాఠం చెప్పాలంటే గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాలి. తల్లి కడుపులోనే, కంటికి ఆననంత చిన్న చోట, ఒకరికి ఒక పోగు ఎక్కువై, ఒకరికి ఒక ముక్క తక్కువై పుట్టిన పిల్లలు వాళ్ళు. ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. ఆ దారి వెతకడమే టీచరు పని.

వాళ్ళలో గువ్వకు తక్కువైన ముక్క పదిహేనో క్రోమోజోములోది. గువ్వ అన్నది నాయనమ్మ పెట్టిన ముద్దు పేరు. పుట్టినప్పుడు పాలు తాగే ఓపిక కూడా లేక వాడిపోయిన తోటకూర కాడలా ఉండేదట. దూదిని పాలలో ముంచి చుక్కచుక్కా నోట్లో పిండి, ఎనిమిది నెలలు ఆ ముసలావిడ నిద్రపోకుండా బతికించుకుంది. మూడేళ్ళు దాటాక ఆకలి మొదలైంది. మొదలైనది మళ్ళీ ఆగలేదు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందని పిల్ల అది. ఎంత పెట్టినా ఇంకా కావాలి. పెట్టకపోతే సబ్బు, చెత్తబుట్టలో తొక్కలు, పక్కింటి పిల్లికి పోసిన పాలు, ఏది దొరికితే అది. వదిలేస్తే కడుపు పగిలేదాకా తింటుందని డాక్టరు చెప్పినప్పుడు తల్లి అది మాటవరసకు అన్న మాట అనుకుంది. “మాటవరసకి కాదమ్మా, నిజంగానే” అన్నాడాయన.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఫ్రిజ్జుకు తాళం, వంటింటికి తాళం, చెత్తబుట్టకు తాళం. తల్లి యూనిఫాంలు కుట్టే షాపులో దర్జీ. తండ్రి దూరప్రాంతాలకు లారీలు తోలుతూ నెలకు నాలుగు రోజులు ఇంట్లో కనిపిస్తాడు. తాళంచెవులు రెండు జతలు: ఒకటి తల్లి దగ్గర, ఒకటి నాయనమ్మ దగ్గర. గువ్వ తిండి అంతా చిన్న త్రాసులో తూచి పెడతారు. ఆ పిల్ల ముందు ఇంకెవరూ తినరు.

ఎనిమిదో గదిలోనూ అదే నియమం. పిల్లల టిఫిన్ డబ్బాలన్నీ ఆఫీసు బీరువాలో ఉంటాయి. టీచరు తన డబ్బా కూడా అక్కడే పెట్టి, మధ్యాహ్నం వరండా చివర గోడ వైపు తిరిగి నాలుగు ముద్దలు మింగి, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చేది. వాసన వస్తే గువ్వకు ఇక అక్షరం ఉండదు, లోకం ఉండదు. వాసన లేని గదిలో మాత్రం ఆ పిల్ల వేరు. ముక్కలు కలిపి బొమ్మ చేసే ఆట ఇస్తే బడి మొత్తంలో దాన్ని మించినవాళ్ళు లేరు. వంద ముక్కల బొమ్మ, మూత మీద చిత్రం చూడకుండా కలిపేస్తుంది. టీచరు అదే దారి పట్టుకుంది. అట్టల మీద అక్షరాలు రాసి, ముక్కలుగా కోసి, ఒక్కో అక్షరాన్నీ గువ్వ చేత కలిపించేది. నాలుగేళ్ళలో పదకొండు అక్షరాలు వచ్చాయి. వచ్చినవి ఎక్కడ కనిపించినా గుర్తుపట్టేది. బస్సు మీదా, మందుసీసా మీదా, తలకిందులుగా రాసినా.

పదకొండు. అదీ ప్రిన్సిపాల్ మేడమ్‌కు నచ్చని సంగతి.

“నాలుగేళ్ళకి పదకొండేనా అని అడిగితే నేనేం చెప్పాలమ్మా?” అంది ఆవిడ, సెలవులయ్యాక బడి తెరిచిన రోజున. “ఐదు వారాల్లో పైనుంచి తనిఖీకి వస్తున్నారు. ప్రత్యేక తరగతికి గుర్తింపు ఇవ్వాలో, మూసెయ్యాలో వాళ్ళే తేలుస్తారు. మీ ఓపికని కాదనను. ఓపిక కళ్ళకి కనపడదు కదా!”

మర్నాడు ఆవిడ ఒక ట్రైనర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నున్నగా గీసిన గడ్డం, తెల్లటి బూట్లు, నడుముకు చిన్న గుడ్డసంచి. వస్తూనే ఆరుగురితోనూ చేతులు కలిపాడు. నవ్వే పిల్లవాడితో పాటు నవ్వాడు. బల్ల కిందికి దూరిన పిల్లను మాత్రం కాలు పట్టి బయటికి లాగబోతే టీచరు ఆపింది.

“ప్రతి పిల్లకీ ఒక తాళంచెవి ఉంటుంది టీచర్ గారూ” అన్నాడు. “అది దొరికిందా, మిగతాదంతా వాళ్ళే చేసేస్తారు. ఈ గువ్వమ్మ తాళంచెవి మెడలోనే వేసుకుని తిరుగుతోంది. మీకెలా కనిపించలేదో!”

గువ్వను రోజుకు రెండు గంటలు పక్క గదికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. తలుపు వేసుకునేవాడు, ‘ఏకాగ్రత కోసం’. రెండు వారాలకల్లా ప్రిన్సిపాల్ మేడమ్ స్టాఫ్ రూములో అందరికీ సెల్లులో ఒక వీడియో చూపించింది. గువ్వ నిటారుగా కూర్చుని ఉంది. ట్రైనర్ అట్ట ఎత్తుతున్నాడు, గువ్వ చదువుతోంది. పలక. చిలక. మబ్బు. కిటికీ. పన్నెండు మాటలు, ఒక్క తప్పు లేదు.

“నాలుగేళ్ళు మనం గాడిదల్ని కాశామన్నమాట” అని లెక్కల మాస్టారు నవ్వాడు. మనం అన్నాడు గానీ చూపు టీచరు వైపే.

టీచరు కూడా నవ్వింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ వీడియోలో ఏదో ఉంది, మళ్ళీ చూడబుద్ధి కాలేదు. అది అసూయేమోనని తన్ను తానే తిట్టుకుంది. తన చేత కానిది ఇంకొకడు చేస్తే రోత పుట్టడం ఏం బుద్ధి? పిల్లకు చదువొస్తే చాలు కదా, ఎవరు చెబితేనేం?

మూడో వారంలో ఒకరోజు అట్టలు అడగడానికి పక్క గది తలుపు తోసింది. గడియ సరిగ్గా పడలేదు, తెరుచుకుంది.

ట్రైనర్ కుర్చీలో ఉన్నాడు. ఎడమ చేతిలో అట్ట. కుడి చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య గోరంత బిస్కెట్ ముక్క, దాన్ని గువ్వ నోటికి జానెడు పైన పట్టుకుని ఉన్నాడు. గువ్వ అట్టను చూడటం లేదు. దాని కళ్ళు ఆ వేళ్ళ మీద ఉన్నాయి, మెడ చాచి ఉంది, పెదవుల చివర నుంచి చొంగ గడ్డం మీదకు కారుతోంది. “కిటికీ” అంది. ముక్క నోట్లో పడింది. ముక్కతో పాటు అతని వేళ్ళను కూడా నాకింది. అతను ఆ తడి వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని సంచిలోకి మళ్ళీ చెయ్యి పెట్టాడు. గదంతా తియ్యటి క్రీము వాసన. ప్యాంటు మీద, తొడ దగ్గర, అలా తుడవగా తుడవగా ఏర్పడిన తెల్లటి మరక.

టీచరు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఇంత చదువు చదివి, ఇన్నేళ్ళు ఈ పిల్లల మధ్య ఉండి, ఇలాంటిది తన గది గోడకు అవతలే జరుగుతోందా?

“ఆ పిల్లకి తిండి ఇవ్వకూడదు” అంది. “రాసి ఇచ్చాను కదా మీకు. మొదటి రోజే.”

“గోరంత ముక్క టీచర్ గారూ! చీమక్కూడా చాలదు.”

“రోజుకెన్ని?”

అతను లెక్కపెట్టలేదు. బల్ల మీద రెండు ఖాళీ ప్యాకెట్లు ఉన్నాయి, అవే చెప్పాయి.

ఆ కంగారులో అట్టలు కొన్ని కింద పడ్డాయి. టీచరు ఏరి, అలవాటు కొద్దీ పైది గువ్వకు చూపించింది. ‘మబ్బు’ అని రాసి ఉంది. గువ్వ సంచివైపు చూస్తూ “పలక” అంది. టీచరు ఇంకోటి ఎత్తింది. “చిలక” అంది గువ్వ. అది ‘తలుపు’. గువ్వకు ఒక్క మాటా చదవడం రాదు. అట్టలు ఎప్పుడూ అదే వరసలో వస్తాయి, అది ఆ వరసను బట్టీ పట్టింది. అంతే. ఇంకా ఘోరం, ఆ ‘మబ్బు’లో ఉన్న ‘మ’ నాలుగేళ్ళు కష్టపడి నేర్చుకున్న పదకొండు అక్షరాల్లో ఒకటి. దాన్ని కూడా పిల్ల చూడలేదు. చూడాల్సిన అవసరం ఎవరు ఉంచారు గనక?

సరాసరి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఆవిడ అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

“బిస్కెట్లు మానెయ్యమని చెప్తాను. తగ్గించమంటాను” అంది. “తనిఖీ అయ్యేదాకా మాత్రం ఇది మీ నోరు దాటకూడదు. ఇప్పుడు గొడవైతే గది మూసేస్తారు. ఒక్క గువ్వ కోసం మిగతా అయిదుగురినీ వీధిలో పడేస్తారా? మీరే చెప్పండి.”

టీచరు చెప్పలేకపోయింది. ఆ అయిదుగురి పేరు చెప్పగానే నోరు మూతపడింది. తరవాత రోజుల్లో ఆలోచిస్తే ఆ అయిదుగురితో పాటు తన ఉద్యోగం కూడా ఆ మాటలో ఉందని, తనకు ఆ క్షణంలోనే తెలుసనీ ఒప్పుకోక తప్పలేదు.

బిస్కెట్లు మానలేదు. తగ్గనూ లేదు. తలుపుకు గడియ మాత్రం కొత్తది వేయించారు.

వారం తిరగకుండానే గువ్వ తల్లి సాయంత్రం గేటు దగ్గర ఆపింది. వేళ్ళకు సుద్దముక్క పొడి, మెడలో కొలతల టేపు అలాగే ఉంది. మొహం పీక్కుపోయి ఉంది.

“టీచర్, గువ్వ రెండు కేజీలు పెరిగింది. నెల కూడా కాలేదు. ఇంట్లో తాళాలన్నీ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. బళ్ళో ఎవరైనా ఏమైనా పెడుతున్నారా?”

‘అవును’ అన్న మాట ఎంత చిన్నది! “మా గదిలో అయితే ఏమీ లేదమ్మా” అంది టీచరు. అబద్ధం కాదు. మా గదిలో లేదు, పక్క గదిలో ఉంది. అంత నేర్పుగా మాట కూర్చగలనని తనకు అంతకుముందు తెలియదు.

తల్లి తల ఊపింది. “అయితే ఇంట్లోనే” అంది, తనలో తను అనుకున్నట్టు.

ఆ తరవాత ఏమైందో టీచరుకు ఆయమ్మ చెప్పింది. ఆయమ్మ ఇల్లు గువ్వ వాళ్ళ వెనక వీధే. తనిఖీకి రెండు రోజుల ముందు, గదులు కడిగిస్తుంటే చీపురు గోడకు ఆనించి నిలబడింది.

“గువ్వ నాయనమ్మని పంపించేశారమ్మా. కూతురింటికి. రెండో జత తాళంచెవులు ముసలమ్మ దగ్గరేగా? ‘నువ్వే పెడుతున్నావ్, నీ ముద్దు నా బిడ్డని చంపుతుంది’ అని కోడలు అందంట. ముసలమ్మ ఒట్టేసింది, ఏడ్చింది. కోడలు వినలేదు. కొడుకు కూడా ఫోన్లో ‘కొన్నాళ్ళు అక్క దగ్గరుండమ్మా’ అన్నాడంట. సంచీ పట్టుకుని బస్సెక్కింది. మెట్టు ఎక్కలేకపోతే నేనే చెయ్యందించా.” ఆయమ్మ అటూ ఇటూ చూసింది. “ఆ ట్రైనరు గదిలో చెత్తబుట్ట నేనే ఎత్తుతున్నా టీచరమ్మా. నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నాం.”

టీచరు బెంచీ లాక్కుని కూర్చుంది. దూదితో చుక్కచుక్కా పాలు పట్టి బతికించిన మనిషి, తిండి పెట్టి చంపుతోందన్న నింద మోస్తూ బస్సెక్కింది. తను పదిహేను రోజులు మూసుకున్న నోటి ఫలితం అది. ట్రైనర్ మీద ఇన్నాళ్ళూ పుట్టిన రోత ఇప్పుడు దారి మార్చుకుని టీచరు ఒంటి మీదకే వచ్చింది. తన చేతుల్ని, ఆ రెండుసార్లు కడుక్కునే శుభ్రమైన చేతుల్ని చూసుకుంటే చీదర వేసింది.

సాయంత్రం దర్జీ షాపుకు వెళ్ళింది. గోడల పొడుగునా నీలం రంగు యూనిఫాంలు, తలల్లేని పిల్లల్లా వేలాడుతున్నాయి. నాలుగు మిషన్లు గడగడమంటున్నాయి. గువ్వ తల్లి చివరి మిషను దగ్గర కాజాలు కుడుతోంది. టీచరు నిలబడే ఉండి మొత్తం చెప్పేసింది. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ నేర్పుగా మాట్లాడతానేమోనని భయం.

తల్లి మిషను ఆపింది. సూది గుడ్డలోనే దిగి ఉండిపోయింది.

“మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?”

“పదిహేను రోజులు.”

“నేను గేటు దగ్గర అడిగిన రోజు?”

“అప్పటికే తెలుసు.”

పక్క మిషన్ల వాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు.

“మా అత్తయ్యని దొంగని చేశాను” అంది తల్లి. “ఆవిడ పెట్టె తీసి వెతికాను టీచర్. బట్టలు ఒక్కొక్కటీ దులిపాను. బిస్కెట్ల కోసం. పెట్టెలో గువ్వ చిన్నప్పటి మేజోళ్ళు ఉన్నాయి. ఇంకేమీ లేదు.” ఆ తరవాత తలెత్తి చూసింది. ఆ చూపు టీచరు బతికినంత కాలం మరిచిపోలేదు. కోపం అయితే తట్టుకునేది. పళ్ళెంలో పురుగు కనిపిస్తే చూసే చూపు అది. “వెళ్ళండి మీరు. ఇక్కడ నిలబడకండి.”

తనిఖీ రోజున హాల్లో వేదిక మీద మూడు కుర్చీలు, పువ్వుల కుండీ, మైకు. పైనుంచి వచ్చిన పెద్దాఫీసరు మధ్యలో కూర్చున్నాడు. కింద తల్లిదండ్రులు, టీచర్లు, పెద్ద తరగతుల పిల్లలు. గువ్వకు కొత్త గౌను వేసి, జుట్టు దువ్వి, ట్రైనర్ ఎదుట కూర్చోబెట్టారు. గువ్వ తల్లికి ముందు వరసలో చోటు ఇచ్చారు. ముందు రోజు గువ్వను బడికి పంపని ఆవిడ, ఈ రోజు తనే వెంటబెట్టుకుని వచ్చింది. ఒళ్ళో చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుంది.

టీచరు పక్క మెట్ల దగ్గర అయిదుగురు పిల్లలతో నిలబడి ఉంది. రాత్రంతా ఒకటే ఆలోచన ఆవిడ బుర్ర తొలిచింది: అట్టల వరస మార్చేస్తే చాలు. ఎవరూ చూడకుండా రెండు అట్టలు తారుమారు చేస్తే, అంతమంది ముందు ట్రైనర్ బండారం బయటపడుతుంది. పొద్దున బల్ల మీద అట్టల కట్ట ఒంటరిగా కనిపించింది కూడా. చెయ్యి చాచింది. అప్పుడు తట్టింది, బయటపడేది ట్రైనర్ కాదు, గువ్వ. నవ్వులపాలయ్యేది గువ్వ. వాడు బిస్కెట్‌తో ఆడించాడు, తను అట్టతో ఆడించబోయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ట్రైనర్ మైకులో తన పద్ధతి గురించి పది నిమిషాలు మాట్లాడాడు. సంచి నడుముకే ఉంది. అట్టలు ఎత్తడం మొదలుపెట్టాడు. పలక. చిలక. మబ్బు. కిటికీ. ప్రతి మాటకూ అతని చెయ్యి గువ్వ గడ్డం దగ్గరికి వెళ్తోంది, బుగ్గ తట్టినట్టుగా. ఎదుటివాళ్ళకి ముద్దు చేసినట్టే కనిపిస్తుంది. ఇరవై నాలుగో మాట అయ్యేసరికి హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పెద్దాఫీసరు కళ్ళు తుడుచుకున్నాడు. “అద్భుతం” అన్నాడు మైకు అందుకుని.

గువ్వ తల్లి లేచింది. తొందరపడలేదు. మెట్లెక్కి వేదిక మీదకు వచ్చింది. కూతురిని మెచ్చుకోవడానికి వస్తోందనుకుని ప్రిన్సిపాల్ మేడమ్ చిరునవ్వుతో పక్కకు జరిగింది. ఫోటోలు తీసేవాడు కెమెరా సిద్ధం చేసుకున్నాడు. తల్లి కొంగు చాటు నుంచి కత్తెర తీసింది, కాజాలు కోసే చిన్న కత్తెర. ట్రైనర్ నడుముకున్న సంచి పట్టీ ఒక్క కోత కోసి, సంచిని బల్ల మీద బోర్లించింది.

బిస్కెట్ ముక్కలు జలజలా రాలాయి. బల్ల మీద, నేల మీద, పెద్దాఫీసరు బూట్ల మీద.

“ఇదీ చదువు!” అంది తల్లి. “నా బిడ్డకి వచ్చిన చదువు ఇదీ!”

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. కుర్చీ కిందపడ్డ చప్పుడుకు ఆగింది. గువ్వ నేల మీదకు దిగింది. రెండు చేతులతో ఊడ్చి ఊడ్చి నోట్లో వేసుకుంటోంది. బల్ల కింద దూరి, ఆఫీసరు కాళ్ళ మధ్య నుంచి, దుమ్ముతో సహా. ఆయన “అరెరే, అరెరే” అంటూ కుర్చీ మీదకు కాళ్ళు ఎత్తుకున్నాడు. పెద్ద తరగతి పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. నాలుగైదు సెల్లులు పైకి లేచాయి.

తల్లి రాయిలా నిలబడిపోయింది. తన చేతిలోంచి పడినవే అవి అని అప్పుడు తెలిసింది ఆవిడకి.

టీచరు ఎప్పుడు మెట్లెక్కిందో, ఎప్పుడు మోకాళ్ళ మీద కూర్చుందో తనకే తెలియదు. హాలుకు వీపు పెట్టి, గువ్వను ఆ కళ్ళకూ సెల్లులకూ అడ్డంగా కప్పి, నేల మీది ముక్కల్ని రెండు చేతులతో తన వైపు ఊడ్చుకుంది. గువ్వ అరిచింది, గోళ్ళతో రక్కింది, మణికట్టు కొరికింది. టీచరు వదల్లేదు. ఆయమ్మ చీపురూ చేటా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వచ్చే దారిలో “ఏం చూస్తార్రా, మీరెప్పుడూ తినలేదా?” అని అరిచిన అరుపుకు ముందు వరసలు సెల్లులు దించాయి.

“సాంకేతిక కారణాల వల్ల” అని ప్రిన్సిపాల్ మేడమ్ మైకులో అంటోంది, “తరవాతి అంశం బృందగానం.”

ఆ మాట విన్నప్పుడు టీచరుకు నిజంగానే వాంతి వచ్చింది. గువ్వను తల్లి చేతుల్లో పెట్టి, వేదిక వెనక కొళాయి దగ్గరికి వెళ్ళి కక్కుకుంది.

గువ్వను ఆ రోజు ఆస్పత్రిలో ఉంచారు. కడుపు ఉబ్బింది గానీ ప్రమాదం తప్పింది. రెండు రోజులకు ఇంటికి పంపారు.

ట్రైనర్ మరునాడే ఇంకో బడిలో చేరాడు. ఇరవై నాలుగు మాటల వీడియో అతని దగ్గర భద్రంగానే ఉంది, చివరి రెండు నిమిషాలు కోసేసి. ఎనిమిదో గది మూయలేదు. పెద్దాఫీసరు గుర్తింపు రాసిచ్చి వెళ్ళాడట, తన బూట్ల మీద పడ్డవాటి ఊసు ఎత్తకుండా. ప్రిన్సిపాల్ మేడమ్ టీచరును పిలిచి, బడి పరువు తీసినందుకు క్షమాపణ పత్రం రాయమంది. టీచరు కాగితం తీసుకుని రాసింది. ట్రైనర్ గదిలో చూసిందీ, మేడమ్‌కు చెప్పిందీ, మేడమ్ అన్నదీ, తను పదిహేను రోజులు నోరు మూసుకున్నదీ, తేదీలతో సహా. కింద సంతకం పెట్టి, ఒక నకలు పై ఆఫీసుకూ, ఒక నకలు గువ్వ తండ్రికీ పంపింది. నెలాఖరుకు ఆవిడను ఎనిమిదో గది నుంచి తీసేసి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేసే పనిలో పెట్టారు. అయిదుగురు పిల్లలకు టీచరుగా కొత్తమ్మాయి వచ్చింది, చిన్న వయసు, మంచిదే. బల్ల కిందికి దూరే పిల్లతో ఎలా మాట్లాడాలో టీచరు ఆ అమ్మాయికి మధ్యాహ్నం పూట గోడ వైపు తిరిగి చూపించేది.

గువ్వను బడి మాన్పించారని తెలిసింది. రెండు నెలలు ఆగి, ఒక ఆదివారం పొద్దున్నే టీచరు వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు తీసింది నాయనమ్మ. చిన్న మనిషి, వంగిన నడుము, రొండిన తాళంచెవుల గుత్తి.

“వచ్చావా? కోడలు చెప్పిందిలే నీ సంగతి” అంది. “లోపలికి రా. అలా గుమ్మంలో నిలబడితే నాకు మెడ నొప్పి.”

“మీరు తిరిగొచ్చారు. సంతోషం అమ్మా.”

“పిల్ల కోసం వచ్చాను. దాని కోసం కాదు.” గొంతు తగ్గించలేదు, వంటింట్లో కోడలికి వినపడాలనే అంది. “కాళ్ళు పట్టుకుంది. పట్టుకుంటే? పెట్టె వెతికిన చేతులే కదా అవి. అన్నం పెడుతోంది, తింటున్నాను. మాట్లాడమంటే మాత్రం నావల్ల కావట్లేదు.”

తల్లి వంటింట్లోంచి వచ్చింది. బయటికి రాగానే వెనక్కి తిరిగి తలుపుకు తాళం వేసింది. టీచరును కూర్చోమనలేదు.

“ఆదివారాలు వచ్చి చెప్తానని ఉత్తరం రాశారు” అంది.

“ఆదివారం, బుధవారం సాయంత్రం. మీరు సరేనంటే.”

“ఇంకెవరికీ దీని దారి తెలీదు. అందుకని సరేనంటున్నాను. మిమ్మల్ని క్షమించాననుకోవద్దు టీచర్. మీ మొహం చూస్తే నాకు ఇప్పటికీ కంపరంగానే ఉంది.”

“నాక్కూడా” అంది టీచరు.

నాయనమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “బాగుంది వరస. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూడలేం. చదువు మాత్రం జరగాలి” అని గొణుక్కుంటూ లోపలి గది తలుపు తోసింది.

గువ్వ చాప మీద కూర్చుని ఉంది. కొంచెం చిక్కింది. టీచరును చూసి మొహం విప్పారింది, వెంటనే చూపు భుజానికున్న సంచి మీదకు జారింది.

“సంచిలో ఏముంది?” అంది.

టీచరు ఎదురుగా కూర్చుని, సంచి విప్పి, లోపలున్నవన్నీ ఒక్కొక్కటీ చాప మీద పెట్టింది. కళ్ళద్దాల పెట్టె. బస్సు టిక్కెట్టు. రుమాలు. పెన్ను. ముక్కలుగా కోసిన అట్టలు. గువ్వ రుమాలు వాసన చూసింది, కళ్ళద్దాల పెట్టె తెరిచి వాసన చూసింది. సంచిలో తల పెట్టి అడుగుదాకా చూసింది. టీచరు తొందరపెట్టలేదు. గుమ్మంలో నిలబడి తల్లి కూడా చూస్తోంది, గువ్వ కంటే జాగ్రత్తగా.

“ఏమీ లేదు” అంది గువ్వ చివరికి.

“ఏమీ లేదు” అంది టీచరు.

గువ్వ నిట్టూర్చి, అట్టముక్కలు తన వైపు లాక్కుంది.